బంతి ఇచ్చినవాడు

ఉమ్ అల్ క్వైన్,
4 అక్టోబర్ 1985, శుక్రవారం

తమ్ముడు యేసురత్నానికి,

నీ ఉత్తరమూ, అందులో మడిచి పెట్టిన పేపరు ముక్కా చేరాయి. ఎండలు తగ్గాయి. నా ఒంట్లో బాగానే ఉంది. మామా కొత్త ఫ్రిజ్ కొంది, పాతది నేనూ నెనితా పడుకునే గదిలో పెట్టించింది. ఇంటావిడని ఇక్కడ మామా అనాలని నీకు ముందే రాశాను. నెనిత ఫిలిప్పీన్స్ అమ్మాయి, నాతోపాటు ఈ ఇంట్లోనే పనిచేస్తుంది. ఫ్రిజ్ రాత్రంతా గురక పెడుతోంది. మా కబుర్లు ఇంతే.

ఇక పేపరు ముక్క సంగతి. మూడుసార్లు చదివాను. కాకినాడ జట్టు బాస్కెట్ బాల్‌లో గెలిచిందని ఉంది. వెంకటరాజు 27 పాయింట్లు. తర్వాత ఇంకో ముగ్గురి పేర్లు. అన్నిటికంటే చివర యేసురత్నం, 2. నువ్వు ఉత్తరంలో ఏం రాశావు? "టీముని నడిపేది నేనే అక్కా, నేను లేకపోతే ఆట సాగదు" అన్నావు. పేపరు అబద్ధమా, నువ్వు అబద్ధమా?

మా డ్రైవరు హయాత్ బాషాకి చూపించాను. రాయచోటి మనిషి, తెలుగు బాగా చదువుతాడు. "క్యా అక్కా, మ్యాచ్ మొత్తం ఆడి రెండేనా? రివర్స్ గేర్లో నా బండి ఇంతకంటే ఎక్కువ దూరం పోతుంది" అన్నాడు. నెనిత నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

రోజూ తెల్లవారుజామునే లేచి గ్రౌండుకి పోతున్నావు. సాయంత్రం మళ్ళీ పోతున్నావు. ఇదంతా ఆ రెంటి కోసమేనా? ఆట రాకపోతే రాదని చెప్పు, తప్పేం లేదు. పుస్తకం పట్టుకో. ఆట వచ్చీ నిన్ను ఆడనివ్వకపోతే మాత్రం, అది వేరే సంగతి. అదీ చెప్పు.

అమ్మకి కళ్ళజోడు మార్పించావా? రాయలేదు.

జవాబు కోసం చూసే అక్క,
రాజ్యం


కాకినాడ,
19 అక్టోబర్ 1985

అక్కకి,

అమ్మకి కళ్ళజోడు వచ్చింది. అది పెట్టుకుని నన్ను చూసి, చిక్కిపోయావంది. పాత కళ్ళజోడే నయం.

అక్కా, పేపరు అబద్ధం కాదు. నేనూ కాదు. ఆట ఎలా ఉంటుందో రాస్తాను, నిదానంగా చదువు.

టీములో ఐదుగురం. నన్ను పాయింట్ గార్డ్ అంటారు. అవతలి వైపుకి బంతి తీసుకెళ్ళేది నేను. చేతితో నేలకి కొడుతూ పోతాను, కళ్ళు మాత్రం బంతి మీద ఉండవు, మనుషుల మీద ఉంటాయి. ఎవరు ఎటు పరిగెత్తాలో ఎడమ చేతి వేళ్ళతో చూపిస్తాను. వాళ్ళు కదులుతారు. ఎవడికి అడ్డం లేదో వాడికి ఇస్తాను. వాడు రింగులో వేస్తాడు. వేసినవాడి పేరు పేపర్లో వస్తుంది. ఇచ్చినవాడి పేరు రాదు. అది పేపరు పద్ధతి.

వెంకటరాజు ఆరడుగుల పైన ఉంటాడు. భీమవరం దగ్గర రాజుగారబ్బాయి, హాస్టల్లో నా పక్క మంచం. వాడికి బంతి కుడి భుజం ఎత్తులో అందాలి. కింద ఇస్తే వంగుతాడు, వంగితే పోయింది. ఈ సంగతి నాకు తెలుసు కాబట్టే వాడు 27 వేశాడు. ఇది వాడే అంటాడు, నేను కాదు.

నవంబరు రెండో వారంలో వాల్తేరులో కాలేజీల పోటీలున్నాయి. అక్కడే యూనివర్సిటీ టీముని ఎంచుతారు. ఆ టీములో ఆడితే సర్టిఫికెట్ ఇస్తారు, దాంతో రైల్వే ఉద్యోగానికి పోటీ పడొచ్చు. నాకు చోటు ఖాయమని మా పి.డి. గారు, అంటే డ్రిల్ మాస్టారు, అన్నారు. నాకు కావాల్సింది ఆ చోటు ఒక్కటే.

హయాత్ బాషా గారికి నా సలాం. ఆయన బండి ఎప్పుడైనా నేను ఎక్కుతాను. రివర్సులో కాదు.

తమ్ముడు,
రత్నం


ఉమ్ అల్ క్వైన్,
1 నవంబర్ 1985

ఒరేయ్ రత్నం,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. హయాత్ బాషా బావమరిది రేపు దుబాయ్ నుంచి బొంబాయి వెళ్తున్నాడు, అక్కడ వేస్తాడు. నీ వాల్తేరు పోటీల్లోపు అందాలి.

నీ ఉత్తరం నిదానంగానే చదివాను. నువ్వు ఎంత చక్కగా రాశావంటే, నీకు ఏం జరుగుతోందో నీకే తెలియడం లేదని అర్థమైంది. బంతి నువ్వు మోసుకెళ్తావు. రాజుగారబ్బాయికి వంగే పని లేకుండా భుజం ఎత్తులో అందిస్తావు. అతను వేస్తాడు. అతని పేరు వస్తుంది. ఇది ఆటా? మన నాన్న ఆ రాజుల్లాంటి వాళ్ళ చేలల్లో ముప్పై ఏళ్ళు చేసింది ఇదేగా. కోత నాన్నది, పుట్లు వాళ్ళవి.

నేను ఇక్కడ ఏం చేస్తున్నానో నీకెప్పుడూ పూర్తిగా రాయలేదు. మొన్న మామా చుట్టాలు వచ్చారు. చేపలూ బియ్యమూ కలిపి మచ్బూస్ వండాను. మన పులుసుకి వేసినట్టు మెంతులు వేయించి పొడి కొట్టి వేశాను. వాళ్ళు వేళ్ళు నాకారు. ఎవరు చేశారని అడిగితే మామా "నేనే" అంది. నేను పళ్ళెం పట్టుకుని పక్కనే ఉన్నాను. వాళ్ళందరూ తిని లేచాక, మిగిలితే, వంటింట్లో నేల మీద కూర్చుని నేనూ నెనితా తింటాం. రెండేళ్ళుగా ఇదే.

వడ్డించడం నాకొచ్చు. ఇంట్లో ఒకళ్ళు చాలు. నువ్వు డిగ్రీ చదువుతూ కూడా వడ్డిస్తానంటే నాకు ఒళ్ళు మండుతోంది.

ఖాయం అన్నారు అంటున్నావు. ఎవరు అన్నారు? ఎక్కడ రాశారు? నీకు చోటు ఇచ్చేవాళ్ళు పేపరు చూస్తారు, పేపర్లో నీ పేరు పక్కన రెండు ఉంటుంది.

అందుకని చెబుతున్నాను. వాల్తేరులో నువ్వే వెయ్యి. బంతి నీ చేతికే ముందు వస్తుందిగా, ఇంకొకడికి ఎందుకివ్వాలి? నువ్వు వెయ్యకపోతే ఇక నాకు పేపరు ముక్కలు పంపకు.

కోపంతోనే,
అక్క


కాకినాడ,
20 నవంబర్ 1985

రాజ్యం అక్కకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. పేపరు ముక్క జతచేశాను. ఈసారి నా పేరు మొదట ఉంది. ఫొటో కూడా ఉంది. చూసుకో.

నీ ఉత్తరం మేము రైలెక్కే రోజు పొద్దున వచ్చింది. దాన్ని జేబులో పెట్టుకునే వాల్తేరు వెళ్ళాను. మొదటి రెండు మ్యాచులు మామూలుగా ఆడాను, గెలిచాం. సెమీఫైనల్ ముందు మళ్ళీ చదివాను. కోత, పుట్లు. అది చదివాక వెంకటరాజు ముఖం నాకు వేరేగా కనిపించింది. వాడు ఏం మారలేదు. నా షూ లేసు తెగితే తన లేసు తీసి ఇచ్చాడు.

మ్యాచ్‌లో బంతి ఎవరికీ ఇవ్వలేదు. నేనే వేశాను. పడ్డవి పడ్డాయి, 21 పాయింట్లు. పడనివి ఎన్నో పేపరు రాయదు. సగం ఆట అయ్యేసరికి మావాళ్ళు పరిగెత్తడం మానేశారు. ఎలాగూ ఇవ్వడని తెలిసిపోయింది. పి.డి. గారు గీత దగ్గర నిలబడి "రత్నం, ఏమిటిది? ఒరేయ్, ఏమిటిది?" అని అరుస్తూనే ఉన్నారు.

ఆఖరి నిమిషంలో ఒక్క పాయింటు వెనక ఉన్నాం. రింగు కింద వెంకటరాజు చెయ్యెత్తి ఒంటరిగా నిలబడ్డాడు. అడ్డం ఎవరూ లేరు. వాణ్ణి చూశాను అక్కా. చూడలేదని చెప్పడానికి లేదు, చూడటమే నా పని. చూసి, నేనే వేశాను. రింగుకి తగిలి బయటికి పోయింది. ఓడిపోయాం.

మర్నాడు యూనివర్సిటీ లిస్టు కట్టారు. నా పేరుంది. నన్ను గార్డుగా తీసుకోలేదు, బాగా వేస్తాడని తీసుకున్నారు. ఆ మ్యాచ్‌లో నేను వేసి పడనివి పట్టుకుని వెంకటరాజు వేసింది ఆరు. వాడి పేరు లేదు.

తిరిగొచ్చే రైల్లో వాడు తలుపు దగ్గరే నిలబడ్డాడు. మంచం వేరే గదిలోకి మార్చుకున్నాడు.

మీవాళ్ళకి చూపించుకోవడానికి నీకు పేరు కావాలి కదా. వచ్చింది.

రత్నం


ఉమ్ అల్ క్వైన్,
22 నవంబర్ 1985, శుక్రవారం

నా తమ్ముడికి,

ఈపాటికి నీ పోటీలు అయిపోయి ఉంటాయి. నా ఉత్తరం నీకు అందకుండా ఉంటే బాగుండునని ఈరోజే మొదటిసారి అనుకున్నాను. ఎందుకో రాస్తాను.

ఇక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి ఇవాళ చర్చిలో ప్రార్థనకి దుబాయ్ వెళ్ళాం. అయ్యాక నైఫ్ బజారులో మామాకి నూలు, గుండీలు కొన్నాం. నెనిత తమ్ముడు దాంతే అక్కడికి దగ్గర్లోనే ఒక కంపెనీ క్యాంపులో ఉంటాడు, వెల్డరు. శుక్రవారం వాళ్ళు బాస్కెట్ బాల్ ఆడతారు, చూసిపోదాం అంది. హయాత్ బాషా "యల్లా, పోదాం, అక్కా తమ్ముడి ఆట చూద్దాం" అని బండి తిప్పాడు.

డ్రమ్ములో కాంక్రీటు పోసి స్తంభం నిలబెట్టారు. రింగు ఇనప చువ్వ వంచి చేసింది. వెనక పలక షట్టరింగ్ చెక్క. ఆడేవాళ్ళలో అందరికంటే పొట్టివాడు దాంతే. బంతి అతని దగ్గరే మొదలవుతుంది, అతను మాత్రం వెయ్యడు. అరుస్తాడు, వేళ్ళు చూపిస్తాడు, ఇస్తాడు. ఒకసారి ఒక పొడుగాటి ఫోర్‌మాన్ పరిగెత్తకుండా నిలబడితే, దాంతే వాళ్ళ భాషలో ఏదో అన్నాడు, అందరూ పకపకా నవ్వారు, ఫోర్‌మాన్ పరిగెత్తాడు. క్యాంపులో దాంతేని రోజూ తిట్టేది ఆ ఫోర్‌మానేనట.

"మీ తమ్ముడు ఎందుకు వెయ్యడు?" అని నెనితని అడిగాను. మా ఇద్దరిదీ సగం అరబ్బీ, సగం చేతులు. "అతను చూసేవాడు. వాళ్ళు వేసేవాళ్ళు" అంది. నాకు ఎక్కలేదు. అప్పుడు దాంతే నీళ్ళు తాగడానికి పక్కకి వచ్చాడు. అతను పక్కన ఉన్నంతసేపూ మిగతావాళ్ళు తిరనాళ్ళలో తప్పిపోయిన పిల్లల్లా తిరిగారు. ఒకరి మీద ఒకరు పడ్డారు. అతను మూతి తుడుచుకుని లోపలికి వెళ్ళగానే మళ్ళీ జట్టయ్యారు. అది చూశాక నువ్వు రాసింది అర్థమైంది. నువ్వు మోస్తున్నావనుకున్నాను. నడుపుతున్నావు.

వచ్చేటప్పుడు హయాత్ బాషా అన్నాడు: "ఖలాస్ అక్కా, తెలిసిపోయింది. మీ తమ్ముడు డ్రైవరు. టికెట్టు మీద ప్యాసింజరు పేరుంటుంది. డ్రైవరు పేరు ఎవడు రాస్తాడు? బండి గుద్దితే తప్ప!"

ఆట విషయంలో నాదే తప్పు. పేపరు విషయంలో కాదు. ఇచ్చినవాడి పేరు రాయకపోవడం పద్ధతి అన్నావు. మామా "నేనే" అనడం కూడా ఈ ఇంట్లో పద్ధతే. ఆ పేపరు ఆఫీసుకి వెళ్ళి అడుగు, ఎందుకు రాయరని.

నేను చెప్పినట్టు వెయ్యకుండా ఉంటే మంచిది. నీ పద్ధతిలో ఆడి ఉంటావని నమ్ముతున్నాను. నా మాట నువ్వు ఎప్పుడు విన్నావు గనక.

అక్క


కాకినాడ,
9 డిసెంబర్ 1985

అక్కకి,

ఒక్కసారి విన్నాను. అదే తప్పయింది.

నా ఇరవయ్యో తారీకు ఉత్తరం నీకు ఇప్పటికి అంది ఉంటుంది. నీ ఉత్తరం నిన్న నాకొచ్చింది. నువ్వు అక్కడ దాంతే ఆట చూస్తున్న శుక్రవారానికి, నేను మావాళ్ళని ఓడించి వచ్చి వారమైంది.

నువ్వు చెప్పావని కాదు, నాకూ కోపంగా ఉంది కాబట్టి పేపరు ఆఫీసుకి వెళ్ళాను. విలేఖరి పెద్దాయన, మంచివాడే, టీ తెప్పించాడు.

"మొన్న వేశాంగా బాబూ, ఫొటోతో సహా" అన్నాడు.

"అది కాదండీ. అంతకుముందు మ్యాచులన్నిటిలో బంతి ఇచ్చింది నేను. అదెందుకు రాయరు?"

"నాకు ఇచ్చే చోటు రెండంగుళాలు. గెలిచినవాడు, ఓడినవాడు, వేసినవాడు. ఇచ్చినవాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టను? అసలు మీ స్కోరు షీటులోనే ఆ గడి లేదయ్యా. లేనిది నేనెలా రాస్తాను?"

"మీరు మ్యాచ్ చూసి రాయొచ్చు కదండీ."

ఆయన "మ్యాచ్ చూడటానికి నన్ను పంపరు. షీటు తెమ్మని పంపుతారు" అన్నాడు. ఇంకో టీ తాగుతావా అన్నాడు. వచ్చేశాను.

తర్వాత వాల్తేరు వెళ్ళి టీము ఇన్‌ఛార్జిని కలిశాను. నన్ను గార్డుగా తీసుకోండి, లేదా నా బదులు వెంకటరాజుని తీసుకోండి అన్నాను. ఆయన నవ్వాడు. "ఇరవై ఒకటి వేసినవాడివి, భయమెందుకు?"

"మీరు ఆ మ్యాచ్ చూశారా సార్?"

"ఆరోజు మీటింగు. షీటు చూశాను."

వాళ్ళు చూడలేదు అక్కా. సీజనంతా ఆడిన ఆట ఎవడూ చూడలేదు. నేను ఆట పాడు చేసిన ఒక్కరోజు కాగితం చూసి, ఓడించినందుకు నన్ను తీసుకున్నారు. లిస్టు టైపయిపోయిందట, మార్చరట.

జనవరిలో మధురైలో పోటీలు. వెళ్ళాలా వద్దా తెలియడం లేదు. వెళ్తే వాడి చోటులో వెళ్ళినట్టు. మానేస్తే ఆ చోటు వాడికి రాదు, ఇంకెవరికో పోతుంది. వెయ్యమన్నది నువ్వేగా, ఇప్పుడేం చెయ్యాలో కూడా నువ్వే చెప్పు. అక్కడ పేరు చూపించుకోవడం అయిపోయిందిగా.

రత్నం


ఉమ్ అల్ క్వైన్,
20 డిసెంబర్ 1985

రత్నానికి,

నీ రెండు ఉత్తరాలూ చదివాను. చూపించుకోవడానికని రెండుసార్లు రాశావు. ఫొటో ఉన్న ఆ ముక్క ఎవరికీ చూపించలేదు. హయాత్ బాషా అడిగితే పోస్టులో పోయిందన్నాను. పేరు నాకు చూపించుకోవడానికి కాదురా. పని ఒకళ్ళది, పేరు ఒకళ్ళది అయితే నాకు అన్నం సయించదు. అంతే.

వెళ్ళు. ఇదీ నా జవాబు. మీటింగులో కూర్చుని నిన్ను ఎంచినవాడి మొహం చూసి చోటు వదులుకోకు. అక్కడికి వెళ్ళి, ఆ కాగితం తప్పని వాడి కళ్ళముందే ఆడి చూపించు. వెయ్యకు. వెయ్యమని వాడు చెప్పినా వెయ్యకు. నేను చెప్పినా వెయ్యకు.

ఇక్కడ జరిగింది కూడా విను. మొన్న మామా పెద్దబ్బాయి నిశ్చితార్థం. ఆడవాళ్ళ గది నిండిపోయింది. పెళ్ళికూతురి మేనత్త చేపల మచ్బూస్ తిని, ఎవరు వండారంది. మామా "నేనే" అంది. ఎప్పటిలాగే పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. నీ ఉత్తరంలోని మాట గుర్తొచ్చింది, ఎవడూ చూడలేదు అన్నది. "అనా సవ్వి" అన్నాను. నేను చేశాను అని. గట్టిగా అనలేదు, మామూలుగానే అన్నాను. గది అంతా విన్నది. పెళ్ళికూతురి మేనత్త నన్ను కిందనుంచి పైదాకా చూసి, అయితే ఇంకొంచెం పెట్టు అంది. పెట్టాను.

వాళ్ళు వెళ్ళాక మామా, జనవరి ఆఖరిదాకా శుక్రవారాలు నన్ను బయటికి తీసుకెళ్ళొద్దని డ్రైవరుకి చెప్పింది. క్రిస్మసుకి కూడా లేదు. ఈ ఉత్తరం వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. నెనిత ఒక్కతే ప్రార్థనకి వెళ్ళింది.

నెనిత నన్ను ఈ వంటింటికి పాయింట్ గార్డ్ అంటోంది. నవ్వాను గానీ ఒప్పుకోలేదు. ఆట అయ్యాక మీ ఐదుగురూ ఒక్కచోట కూర్చుని తింటారు. ఇక్కడ అలా కాదు. రెంటినీ కలపొద్దన్నాను. నవంబరులో కలిపింది నేనే, దాని ఖరీదు నీ వెంకటరాజు కట్టాడు.

అతనితో మాట్లాడు. నా ఉత్తరం చూపించినా పరవాలేదు. రాజుగారబ్బాయి అని నేను రాసింది కూడా చదవనీ.

నీ అక్క


కాకినాడ,
24 జనవరి 1986

అక్కా,

నీ శుక్రవారాలు తిరిగి ఇచ్చారా? నీ ఉత్తరం చదివి, "అనా సవ్వి" అనే మాట అమ్మకి నేర్పాను. ఇప్పుడు ఏ కూర బాగుందన్నా అదే అంటోంది.

మధురై వెళ్ళొచ్చాను. మొదటి రెండు మ్యాచుల్లో బల్ల మీదే కూర్చున్నాను. ఇన్‌ఛార్జి గారు నన్ను పాయింట్లు వేసేవాడిగా తీసుకొచ్చారు గానీ, ప్రాక్టీసులో నేను వేసినవి చూసి ఆయనకే అనుమానం వచ్చింది. మూడో మ్యాచ్‌లో మా గార్డు, వైజాగ్ కుర్రాడు, ఐదో ఫౌల్ పడి, ఇక ఆడకూడదని బయటికొచ్చాడు. అప్పటికి తొమ్మిది పాయింట్లు వెనకున్నాం. వేరే గార్డు లేడు. నన్ను పంపారు.

వాళ్ళ పేర్లు కూడా నాకు సరిగ్గా తెలియవు. కానీ రెండు మ్యాచులు కూర్చుని చూశానుగా. శ్రీకాకుళం కుర్రాడికి ఎడమ పక్కనుంచి రావడం ఇష్టం. పొడుగాటి అతను నేల మీద ఒక దెబ్బ వేసి ఇస్తేనే పట్టుకుంటాడు. అలాగే ఇచ్చాను. ఇన్‌ఛార్జి గారు గీత దగ్గర నిలబడి "వెయ్యి, వెయ్యవయ్యా, ఎందుకు తీసుకొచ్చాను నిన్ను!" అని అరిచారు. ఒకసారి నాకు అడ్డం లేదు కూడా. వెయ్యలేదు, ఇచ్చాను. గెలిచాం. మూడు పాయింట్ల తేడా.

ఆయన నా దగ్గరికొచ్చి "గెలిచాం కాబట్టి వదిలేస్తున్నాను. చెప్పిన మాట విననివాడు నాకు వద్దు" అన్నారు. తర్వాతి మ్యాచ్‌లో నన్ను దించలేదు. ఓడిపోయి ఇంటికొచ్చాం. సర్టిఫికెట్ ఇచ్చారు. రైల్వే పరీక్ష ఏప్రిల్లో. ఆ కాగితం నా దగ్గరుంది, వెంకటరాజు దగ్గర లేదు. వాడికి పొలం ఉందిగా అన్నాడు మా హాస్టల్లో ఒకడు. పొలం ఉన్నవాడికి ఆట పోతే పోయినట్టు కాదా? అలా అన్నవాణ్ణి కొట్టబోయాను.

మధురై వెళ్ళేముందే నీ ఉత్తరాలు వెంకటరాజు మంచం మీద పెట్టి వెళ్ళాను. వచ్చాక నా దిండు కింద ఉన్నాయి. నిన్న సాయంత్రం గ్రౌండులో ఒక్కడే బంతి కొట్టుకుంటున్నాడు. వెళ్ళి నిలబడ్డాను.

"మధురైలో ఎన్ని వేశావు?" అన్నాడు, నా వైపు చూడకుండా.

"ఒక్కటీ వెయ్యలేదు."

"మరేం చేశావు అంతదూరం పోయి?"

"ఇచ్చాను."

బంతి నా వైపు విసిరాడు. గట్టిగానే విసిరాడు, అరచేతులు మండాయి.

"అయితే ఇవ్వు" అని రింగు వైపు పరిగెత్తాడు.

కుడి భుజం ఎత్తులో ఇచ్చాను.

మధురై పేపరు తమిళం. ఇంగ్లీషు పేపర్లో ముక్క జతచేశాను. నలుగురి పేర్లున్నాయి. నాది లేదు. ఈసారి పంపుతున్నందుకు కోప్పడకు.

నీ తమ్ముడు,
రత్నం


ఉమ్ అల్ క్వైన్,
7 ఫిబ్రవరి 1986, శుక్రవారం

తమ్ముడికి,

శుక్రవారాలు తిరిగొచ్చాయి. ఇవాళ ప్రార్థనకి వెళ్ళొచ్చాం. మామా నాతో మామూలుగానే ఉంది. పెళ్ళికి వంట ఎవరిదని అడిగితే ఏం చెబుతుందో చూడాలి. నేను పళ్ళెం పట్టుకుని అక్కడే ఉంటాను.

హయాత్ బాషాకి నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. "అయితే అక్కా, బండి తోలాడు, గమ్యం చేర్చాడు, దింపేసి తాళాలు లాక్కున్నారు, అంతేగా? నాకు ఒమన్‌లో ఇదే జరిగింది" అన్నాడు. ఆ ఇన్‌ఛార్జిని ఉర్దూలో ఒక మాట అన్నాడు, అది రాయను.

వెంకటరాజుకి చెప్పు. అతని చోటు పోవడానికి నా ఉత్తరం కారణమని నాకు తెలుసు. క్షమించమని అడగడానికి అతను నాకెవరో తెలియదు, అందుకే పెన్ను ఆగుతోంది. వచ్చే ఏడు అతను లిస్టులో ఉండాలి. దానికి నువ్వేం చెయ్యాలో నీకు నేను చెప్పక్కర్లేదు.

పేపరు ముక్క అందింది. పదేపదే చూశాను. నలుగురి పేర్లు, పక్కన అంకెలు, కింద కొంచెం తెల్ల జాగా. రెండంగుళాలే అన్నాడుగా మీ విలేఖరి, అందులోనూ జాగా మిగిలింది. అక్కడ పెన్నుతో తెలుగులో నీ పేరు రాశాను. మా గది తలుపు లోపలి పక్క అతికించాను.

నెనిత వచ్చి, తెలుగు చదవలేక, ఎవరి పేరు, ఎన్ని వేశాడు అని అడిగింది.

వెయ్యలేదు, ఇచ్చాడు అని చెప్పాను.

అక్క,
రాజ్యం